రాతి గుండు నుంచి ఇసుక సంచి దాకా

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. కరువు భృతి బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే బాగా రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు గనుక ఆ జోలికి నేను పోదలచుకోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. నాకు తెలిసినది చరిత్ర. కాబట్టి చరిత్రే మనవి చేస్తాను. అయితే ఇది రాజుల చరిత్ర కాదు. మన ఒంట్లో కండబలం ఎలా ఉండేది, ఎప్పుడు జారిపోయింది, ఈ వయసులో దాన్ని కొంతైనా మళ్ళీ రాబట్టుకోవచ్చునని లోకం ఎలా తెలుసుకున్నది, అదీ విషయం.

1982 డిసెంబరు 17న సుప్రీం కోర్టు నకారా కేసులో పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తేదీని మనం ఏటా పండుగలా జరుపుకుంటాం. డెబ్బై దాటిన మన రాష్ట్ర పెన్షనర్లకు అదనపు పింఛను కూడా కలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ ప్రభుత్వం కలుపుతూ పోతుంటే, శరీరం మాత్రం కోతలు పెడుతూ పోతుంది. ముప్పై దాటిన మనిషికి పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తరుగుతుందనీ, అరవై దాటాక ఆ తరుగు ఇంకా జోరందుకుంటుందనీ వైద్యుల లెక్క. ఈ కోతకు పే రివిజన్ కమిషన్ ఏదీ లేదు.

మన ప్రాంతంలో బయటపడిన అతి ప్రాచీన శిల్పాలలో ఒకటి కూడా ముసలితనం కథే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. 1882లో బర్జెస్ అనే పురావస్తు అధికారి జగ్గయ్యపేట దగ్గర బౌద్ధ స్తూపాన్ని తవ్వించారు. అక్కడ దొరికిన ఫలకాలలో మాంధాత చక్రవర్తి ఫలకం జగత్ప్రసిద్ధం. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నది. రాజు చెయ్యెత్తి నిలబడితే మేఘాల నుంచి నలుచదరపు నాణేలు కురుస్తుంటాయి. బౌద్ధ కథల ప్రకారం ఈ మాంధాత స్వర్గంలో ఇంద్రుడి పక్కన అర్ధ సింహాసనం మీద యుగాల తరబడి కూర్చున్నాడు. చివరికి ఆశ మితిమీరింది. వెంటనే ముసలితనం వచ్చి మీద పడింది, భూమ్మీదికి జారిపోయాడు. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఆశ గురించి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ కథ తలుచుకుంటే నాకు వేరొకటి తోస్తున్నది: అన్ని యుగాలు సింహాసనం మీద కూర్చున్న మనిషికి కాళ్ళల్లో సత్తువ ఏం మిగులుతుంది?

మాది ముక్త్యాల. కృష్ణ ఒడ్డున కోట, భవానీ ముక్తేశ్వర స్వామి గుడి, రేవు మెట్లు ఉన్న ఊరు. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. డెల్టా వారు మమ్మల్ని మెట్టవాళ్ళనేవారు. నిజమే, మాది జొన్న, కంది, మిరప, పత్తి పండే నేల. వానకు ఎదురు చూసే నేల. నా చిన్నతనంలో, అనగా 1950ల చివరలోనూ 60ల మొదట్లోనూ, మా ఊళ్ళో వ్యాయామం అనే మాట విన్న జ్ఞాపకం లేదు. దాని అవసరం లేదు. మగవాడు తెల్లవారగానే గడ్డిమోపు నెత్తిన పెట్టుకునేవాడు. ఆడవాళ్ళు చంకన ఒక బిందె, నెత్తిన ఒక బిందెతో రేవు మెట్లెక్కి వచ్చేవారు. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు. ఆ తరువాత రోకలి, తిరగలి, కవ్వం. వయసు మళ్ళిన నాయనమ్మలు కూడా ఎదురెదురుగా కూర్చుని తిరగలి తిప్పేవారు. ఇక భోజనం పీట మీద, నిద్ర చాప మీద, మాటలు అరుగు మీద. ఏ పని చేసినా కిందికి కూర్చోవాలి, మళ్ళీ పైకి లేవాలి. ఈ కూర్చుని లేవడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. దాని విలువ ఎంతో ముందు ముందు చెబుతాను.

అలాగని ఆ రోజులన్నీ బంగారమని నేను అనను. ఆ బరువుల కింద నడుము వంగిపోయినవాళ్ళు, నలభైకే ముసలివాళ్ళైనవాళ్ళు ఎందరో. కడుపు నిండా తిండి లేకుండా మోసిన మోత ఒంటికి బలం ఇవ్వదు, ఉన్నది తీసేస్తుంది. ఈ సంగతి మరచిపోయి పాతకాలం మనుషులు ఉక్కు మనుషులని ఉపన్యాసాలు ఇచ్చేవారిని చూస్తే నాకు కొంచెం విసుగు.

మా ముక్త్యాల పేరు చెబితే నాగార్జున సాగర్ పేరు చెప్పకుండా ఉండలేం. ముక్త్యాల రాజా శ్రీ వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు నందికొండ దగ్గరే ఆనకట్ట రావాలని పట్టుబట్టి తిరిగిన మహానుభావులు. 1952లో ఖోస్లా కమిటీ స్థలం చూడటానికి వస్తున్నదంటే, అక్కడికి దారి లేకపోతే ఊళ్ళవాళ్ళను కూడగట్టి బాట వేయించారని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. మధ్యలో పన్నెండేళ్ళు. అది రాతి ఆనకట్ట. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. సారవల మీద ఆడా మగా వరుస కట్టి రాయీ సున్నమూ సిమెంటూ నెత్తిన పెట్టుకుని పైకి మోశారు. 124 మీటర్ల ఎత్తున నిలబడిన ఆ కట్టడం మన తెలుగువాళ్ళ కండబలానికి అన్నిటికంటే పెద్ద శిలాశాసనమని నా అభిప్రాయం. దాని మీద వాళ్ళ పేర్లు లేవంతే.

చిత్రమేమంటే, ఆ కండలతో వచ్చిన నీళ్ళే మెల్లగా కండలకు పని తగ్గించాయి. ఎడమ కాలువ నీళ్ళు నందిగామ, జగ్గయ్యపేట వైపు వచ్చాయి. వరి వచ్చింది, డబ్బు వచ్చింది, రైసు మిల్లులు వచ్చాయి. కరెంటు మోటారు వచ్చి మోటబావిని, ట్రాక్టరు వచ్చి అరకను, మిక్సీ వచ్చి రోటిని మూలకు నెట్టాయి. ఆ డబ్బుతోనే మాలాంటివాళ్ళం చదువుకుని ఉద్యోగాలకు వచ్చి కుర్చీలో కూర్చున్నాం. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. మా అమ్మ తిరగలి బాధ తప్పినందుకు ఎంత సంతోషించిందో నాకు తెలుసు. కాకపోతే తిరగలి పోయిన చోట ఇంకేదీ రాలేదు.

పనికి కాకుండా కేవలం బలం కోసం బలం పెంచుకునే విద్య కూడా మన దగ్గర లేకపోలేదు. తాలింఖానాలు ఉండేవి. సాము గరిడీలు, దండీలు, బస్కీలు, కర్రసాము, రాతి గుండు ఎత్తడం. దసరాకు, పీర్ల పండుగకు వీధుల్లో ఆ ప్రదర్శనలు చూసినవారు మన సభ్యులలో ఇంకా ఉన్నారు. ఉత్తరాంధ్రలో సంగిడీలు ఎత్తేవారు. ఆ ప్రాంతపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులుగా ఉండి, తరువాత సొంత సర్కసుతో దేశవిదేశాల్లో కలియుగ భీముడనిపించుకున్నారు. 1942లో కాలం చేశారు. మన కృష్ణా జిల్లా గండిగుంట వాస్తవ్యులు దండమూడి రాజగోపాలరావు గారు 1948లో లండన్ ఒలింపిక్స్‌లో బరువులెత్తారు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి వారి పేరే పెట్టారు. కామినేని ఈశ్వరరావు గారికి ఇదే విద్యలో 1963 సంవత్సరానికి అర్జున అవార్డు వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే.

వీరందరికీ నమస్కారం. అయితే ఈ పరంపర మనలాంటివారికి ఒక అపోహ కూడా మిగిల్చింది. బరువులు ఎత్తడమంటే పడుచువాళ్ళ పని, పోటీల పని, పతకాల పని అని. అరవై దాటినవాడికి చేతికర్ర, విభూతి, పార్కులో నడక చాలునని.

ప్రాచీన ఇటలీలో క్రొటోన్ అనే ఊళ్ళో మిలో అనే మల్లుడుండేవాడట. లేగదూడను రోజూ భుజాన ఎత్తుకుని నడిచేవాడట. దూడ పెరిగేకొద్దీ వాడి బలమూ పెరిగి, చివరికి నిండు ఎద్దునే మోశాడని కథ. బరువు కొద్దికొద్దిగా పెంచాలన్న సూత్రానికి ప్రపంచమంతా ఈ కథే చెబుతారు. అంత దూరం పోనక్కరలేదు. మన ప్రాంతంలో బండలాగుడు పోటీలకు గిత్తలను తయారుచేసే రైతును అడగండి. పాలపళ్ళ గిత్తకు మొదటి రోజునే పెద్ద బండ కట్టడు. చిన్న బండతో మొదలుపెట్టి, అది అలవోకగా లాగితేనే బరువు పెంచుతాడు. గట్టిగా లాగించిన మర్నాడు విడుపు ఇస్తాడు. ఉలవలు పెడతాడు. కొద్దికొద్దిగా బరువు, మధ్యలో విశ్రాంతి, తగిన మేత. నేటి వైద్యులు పుస్తకాల నిండా రాస్తున్నది ఈ మూడు ముక్కలే. కాకపోతే ముసలి ఎద్దుకు మన రైతు కూడా సాధన చేయించడు. రోమన్ పండితుడు సిసెరో వార్ధక్యం మీద రాసిన గ్రంథంలో ఇదే మిలో ముసలివాడై, ఎండిన తన చేతులు చూసుకుని ఏడ్చినట్టు చెప్పాడు. ఏడవడం తప్ప వాడికి మరొకటి తోచలేదు. తరువాత రెండు వేల ఏళ్ళ పాటు ఎవరికీ తోచలేదు.

తోచిన క్రమం కొంచెం చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో డిలోర్మ్ అనే సైనిక వైద్యుడు, మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు మంచం మీద పడుకోబెట్టే వైద్యానికి బదులు ఇనుప బరువులతో క్రమంగా పెంచే వ్యాయామం మొదలుపెట్టాడు. 1945లో ఆ ఫలితాలు ప్రకటించాడు. 1953లో లండన్‌లో మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. మన ఆర్టీసీ పెన్షనరు మిత్రులు శ్రద్ధగా వినాలి: రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, టిక్కెట్ల కోసం మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ వచ్చింది. 1989లో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు వయసుతో కండ తరిగిపోవడానికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. గ్రీకు మాట. తెలుగులో కండ కరువు అనుకుందాం. కరువు భృతి ఉన్నది గాని ఈ కరువుకు భృతి లేదు.

అసలు మలుపు 1990లో బోస్టన్‌లో. మేరియా ఫియాటరోన్ అనే డాక్టరు, ఆమె సహచరులు ఒక వృద్ధుల ఆసుపత్రిలో సుమారు తొంభై ఏళ్ళ వయసున్న పదిమందిని తీసుకున్నారు. పడిపోయిన అనుభవం ఉన్నవారు, చేతికర్రతో నడిచేవారు, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవలేనివారు. వారి చేత ఎనిమిది వారాల పాటు, తొడ కండరాలకు, నామమాత్రపు బరువులు కాకుండా నిజంగా బరువనిపించే బరువులు ఎత్తించారు. తొమ్మిదిమంది పూర్తి చేశారు. బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ పరిమాణం 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. తొంభై ఏళ్ళవారు సుమా! అయితే ఇంకొక మాట కూడా ఆ వైద్యులే రాశారు. సాధన ఆపిన నాలుగు వారాలకే బలంలో 32 శాతం పోయింది. ఒకసారి శాంక్షన్ అయితే నెలనెలా దానంతట అదే ఖాతాలో పడేది పింఛను. కండ అలాంటిది కాదు.

అదే బృందం 1994లో సగటున 87 ఏళ్ళ వయసున్న వందమందితో మరింత పెద్ద పరీక్ష చేసింది. కొందరికి బరువులు, కొందరికి పుష్టికరమైన పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల తరువాత చూస్తే బరువులు ఎత్తినవారి బలం రెట్టింపు దాటింది, మెట్లెక్కే శక్తి పెరిగింది. ఒట్టి పానీయం తాగినవారికి మాత్రం ఏమీ ఒరగలేదు. తిండికీ కండకీ గురజాడవారు ముడివేశారు. ఆ ముడి నిజమే గాని, మన వయసులో మధ్యలో కొంత పని కూడా ఉండాలి. టానిక్ సీసాల మీద ఖర్చు పెట్టే మిత్రులకు ఇది ప్రత్యేక మనవి.

మంచం సంగతి కూడా తెలుసుకోవాలి. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కొందరు పెద్దవారిని పదిరోజులు మంచం మీదే ఉంచి చూశారు. పదిరోజులకు కాళ్ళలో ఒక్కొక్కరికి దగ్గర దగ్గర కిలో కండ కరిగిపోయింది. జబ్బు లేకుండానే ఇంత. జబ్బు కూడా తోడైతే?

దానికి సమాధానం నాకు మా ఇంట్లోనే దొరికింది. రెండేళ్ళ క్రితం మా ఇంటావిడకు న్యుమోనియా వచ్చి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నది. అప్పటికి ఆవిడకు డెబ్బై. జబ్బు నయమైంది, ఇంటికి వచ్చాం. కుర్చీలోంచి లేవలేదు. కమోడు మీద నుంచి లేవలేదు. రెండు చేతులూ పట్టుకుని నేను లాగాలి. నాకూ డెబ్బై దాటాయి. ఒకరాత్రి ఇద్దరం కలిసి పడబోయి గోడ పట్టుకుని ఆగాం. చూసిన వైద్యులొకరు (ఊరూ పేరూ అనవసరం) వయసైపోయింది కదమ్మా, ఇక విశ్రాంతిగా ఉండండి అన్నారు. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోనులో, "నాన్నా, రాత్రీ పగలూ ఉండే మనిషిని పెట్టండి, డబ్బు నేను పంపుతా" అన్నాడు. వాడి ప్రేమను కాదనను. కానీ ఆవిడ ఆ మాట విని ఆ పూట అన్నం తినలేదు. "ఇంకొకళ్ళ చేత కమోడు మీద నుంచి లేపించుకుని బతకాలా అండీ?" అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర చరిత్ర పాఠం ఏదీ లేదు.

అప్పుడు తెలిసినవారి ద్వారా నందిగామలో పనిచేసే ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. మా స్కూళ్ళలో చదివిన పిల్లల వయసే. ఆ అమ్మాయి చేసింది చాలా తేలికైన పని. చేతులు లేని చెక్క కుర్చీని గోడకు ఆనించింది. దాని మీద రెండు దిళ్ళు వేసి ఎత్తు పెంచింది. "అమ్మమ్మా, ఇప్పుడు లేవండి" అన్నది. ఎత్తు పెరిగింది గనుక ఆవిడ లేచింది. మూడుసార్లు లేచి ఆయాసపడింది. రెండు వారాలకు పదిసార్లు. అప్పుడు ఒక దిండు తీసేసింది. ఇంకొన్నాళ్ళకు రెండోదీ తీసేసింది. మిలో దూడకూ ఇక్కడి దిళ్ళకూ తేడా నాకైతే కనబడలేదు. తరువాత కాలి మడమకు కట్టే బరువు కావాలన్నది. బజారులో కొనేవి వేలల్లో ఉన్నాయి. మా ఇంటావిడ స్వయంగా నా పాత ప్యాంటు కాలు కత్తిరించి, కిరాణా కొట్లో తూకం వేయించి, అరకిలో చొప్పున ముక్త్యాల ఇసుక పోసి సంచులు కుట్టింది. కుర్చీలో కూర్చుని ఆ సంచి కట్టిన కాలును మెల్లగా చాపడం, మెల్లగా దించడం. అరకిలో నుంచి కిలో, కిలో నుంచి కిలోన్నర. న్యూజిలాండ్‌లో 1990లలో ఎనభై దాటిన స్త్రీలకు ఇలాంటి మడమ బరువులతో, నిలకడ అభ్యాసాలతో ఇంటి దగ్గరే సాధన చేయిస్తే పడిపోవడాలు బాగా తగ్గాయని 1997లో ప్రకటించారని ఆ అమ్మాయే చెప్పింది. ఒటాగో పద్ధతి అంటారట.

నిరుడు కార్తికమాసంలో మా ఇంటావిడ ముక్త్యాల రేవు మెట్లు దిగి, స్నానం చేసి, దీపం వదిలి, మెట్లెక్కి వచ్చింది. నేను పక్కన నడిచాను, చెయ్యి పట్టుకోనివ్వలేదు. మెట్లు అంత సులువుగా ఏం ఎక్కలేదు. మధ్యలో రెండుసార్లు ఆగింది.

ఇక పాత పీటల సంగతి. 2012లో బ్రెజిల్ దేశపు వైద్యులు ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. 51 నుంచి 80 ఏళ్ళ మధ్యవారిని రెండు వేలమందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. మొత్తం పది మార్కులు, కూర్చోవడానికి ఐదు, లేవడానికి ఐదు. చెయ్యో మోకాలో ఆనిస్తే ఒక్కో మార్కు కోత, తూలితే అర మార్కు. తక్కువ మార్కులు వచ్చినవారిలో తరువాతి సంవత్సరాలలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. కూర్చుని లేవగలిగితే చావు రాదని దీని అర్థం కాదు. కండబలం, నిలకడ, కీళ్ళు, ఇవన్నీ ఎలా ఉన్నాయో ఆ ఒక్క పని చూపిస్తుందని. మనం రోజుకు ముప్పైసార్లు చేసిన పరీక్ష అది. వినాయకుడి ముందు తీసిన గుంజీళ్ళు, బడిలో మాస్టార్లు తీయించిన గుంజీళ్ళు కూడా ఈ కోవలోవే. డైనింగ్ టేబులు, సోఫా, కమోడు వచ్చాక అదంతా ఆగిపోయింది. మోకాళ్ళు అరిగినవారు ఈ నేల పరీక్షకు ఒంటరిగా దిగవద్దు. దానికి బదులు ఆసియా దేశాల వైద్యుల బృందం 2019లో సూచించిన కొలత ఉన్నది: చేతులు గుండెలకు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి, దానికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే కాళ్ళ బలం తగ్గినట్టు. చేతి గడియారం చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో అరవై ఐదు దాటినవారు వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం, మూడు రోజులు నిలకడ అభ్యాసాలు చేయాలని చెప్పింది. నడక దీనికి అదనం, బదులు కాదు. మన మిత్రులు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తానని గర్వంగా చెప్పే పెద్దమనిషి ఒకాయన నేల మీద పడిన కళ్ళజోడు తీసుకోవడానికి మనవణ్ణి పిలవడం నేను చూశాను.

జాగ్రత్తలు కూడా మనవి చేయాలి. గుండె ఆపరేషను అయినవారు, ఛాతీ నొప్పి ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, వరిబీజం ఉన్నవారు, కొత్తగా కంటి శుక్లం తీయించుకున్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు, రక్తపోటు ఒక్కసారిగా ఎగస్తుంది. దీనికి ఆ అమ్మాయి చెప్పిన చిట్కా నాకు బాగా నచ్చింది: అంకెలు పైకి లెక్కపెట్టండి, లెక్కపెట్టేవాడు ఊపిరి బిగబట్టలేడు. మర్నాడు కండ కొంచెం సలపడం సహజం. కీలు నొప్పి పెడితే మాత్రం ఆపాలి. పదిహేనుసార్లు అలవోకగా చేయగలిగిన బరువు ఇక బరువు కాదు, పెంచాలి. పెంచకుండా ఏడాది పొడుగునా అదే అరకిలో ఎత్తడం, మూడో తరగతి పిల్లవాణ్ణి ఐదేళ్ళు మూడో తరగతిలోనే కూర్చోబెట్టడం వంటిది.

తిండి గురించి రెండు ముక్కలు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని లెక్క కట్టింది. వయసు మళ్ళినవారికి 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఉండాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి చెప్పింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది వర్తించదు. అరవై కిలోల మనిషికి 60 గ్రాములనుకోండి. నూరు గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు, కోడిగుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. మన ఇళ్ళలో పెద్దవారి రాత్రి భోజనం చారు మెతుకులు, మజ్జిగ మెతుకులు. అందులో మాంసకృత్తులు ఎంతో మీరే లెక్క కట్టుకోండి. గిత్తకు ఉలవలు పెట్టిన రైతు తన నాన్నకు పప్పు ఒక గరిటె ఎక్కువ వేయలేడా?

2028లో మళ్ళీ కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. 2016 పుష్కరాలకు రేవు దిగిన మన సభ్యులలో ఎందరు ఈసారి తమ కాళ్ళ మీద దిగి, తమ కాళ్ళ మీద ఎక్కగలరో అని ఆలోచించి, కార్యదర్శి గారి అనుమతితో మన సంఘ భవనంలో చిన్న ఏర్పాటు చేశాం. మంగళ, శుక్రవారాలు సాయంత్రం ఐదు గంటలకు అరగంట సేపు. చేతులు లేని కుర్చీలు ఆరు గోడకు ఆనించి ఉంచాం. ప్రస్తుతం తొమ్మిదిమంది వస్తున్నారు. అందులో ముగ్గురు స్త్రీలు. అందరికంటే పెద్దవారు రెవెన్యూలో పనిచేసి రిటైరైన 84 ఏళ్ళ పెద్దాయన, అంకెలు అందరికంటే గట్టిగా లెక్కపెట్టేది కూడా ఆయనే. సంచులు ఎనిమిదే ఉన్నాయి. మీ ఇంట్లో గట్టి గుడ్డ పాత ప్యాంట్లు ఉంటే భవనంలో ఇచ్చి పంపగలరు. కుట్టడానికి మా ఇంటావిడ సిద్ధం. ఇసుక ముక్త్యాల నుంచి నేను తెస్తాను.